సర్వరు అద్దెది, తాళంచెవి మనది

(వార్షికోత్సవ సభలో సమాఖ్య వెబ్‌సైటు ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తక్కువ ఖర్చులో సర్వరు ఎంచుకోవడం ఎలా, వాడుకోవడం ఎలా అన్నది మాకు ఇచ్చిన విషయం. వినగానే కొందరు పెద్దలు "ఇది కంప్యూటరు చదివిన పిల్లల సంగతి, మాకెందుకు" అనుకోవచ్చు. అలా అనుకోవద్దని మా మనవి. ఇది లెక్కల పుస్తకం ఎవరి దగ్గరుండాలి, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుండాలి అనే పాత సంగతే. సంఘం నడిపిన ప్రతి పెద్దమనిషికీ ఇది తెలిసిందే. పేర్లు మాత్రం కొత్తవి.

మన వెబ్‌సైట్లలో ఏముంటుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. సభ్య కుటుంబాల పట్టిక, ఇంటిపేర్లు, గోత్రాలు, ఫోన్ నంబర్లు. వధూవరుల వివరాలు, ఆడపిల్లల ఫోటోలు. స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకున్న పిల్లల మార్కుల పత్రాలు. పాత వార్షికోత్సవ సంచికలు. నేసిన చీరల ఫోటోలు. ఊరు విడిచి మూడు నాలుగు తరాలైన మనకు "మన ఇంటిపేరు వాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారు" అనే ప్రశ్నకు జవాబు దొరికే చోటు చాలాసార్లు ఇదే. ఇది పోతే డబ్బు పెట్టి మళ్లీ కొనలేం.

మనలోనే ఒక పట్టణ సంఘానికి జరిగింది చెబుతాం. ఊరి పేరు చెప్పం, ఎవరినీ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్ల వధూవరుల వెబ్‌సైటును ఒక కుర్రవాడు తయారుచేసి ఇచ్చాడు. డొమైను పేరు అతని ఈమెయిలు మీద, సర్వరు అద్దె అతని కార్డు మీద. రెండేళ్లకు అతను ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, కార్డు గడువు తీరింది. హెచ్చరిక ఉత్తరాలన్నీ అతను చూడని పాత ఈమెయిలుకు పోయాయి. సర్వరు ఆగింది, కొన్నాళ్లకు కంపెనీ దాన్ని చెరిపేసింది. ఆ తర్వాత డొమైను గడువూ పోయింది. ఇంకెవరో ఆ పేరు కొని జూదం ప్రకటనలు పెట్టారు. పెళ్లి సంబంధం కోసం పాత పాంప్లెటులో అడ్రసు చూసి తెరిచిన తల్లిదండ్రులకు అవి కనిపించాయి. ఇందులో హ్యాకింగు లేదు, దొంగతనం లేదు. పోయిన మొత్తం అద్దె బాకీ కొన్ని వందల రూపాయలు. కాగితం ఎవరి పేరున ఉందో ఎవరూ చూడకపోవడమే జరిగింది.

కాబట్టి ఈ రోజు మేం చెప్పదలచింది ఒక్కటే. సర్వరు ఎంత చవకదైనా ఫరవాలేదు, అద్దెదైనా ఫరవాలేదు. తాళంచెవి, పేరు, ఒక నకలు మాత్రం మన చేతిలో ఉండాలి.

ముందు సర్వరంటే ఏమిటో చూద్దాం. రాత్రింబగళ్లు ఆగకుండా నడిచే కంప్యూటరే సర్వరు. దాన్ని ఇంట్లో పెట్టుకోలేం. కరెంటు పోతుంది, నెట్ పోతుంది. అందుకని డేటా సెంటర్లలో అద్దెకు తీసుకుంటాం. ఈ అద్దెలు ప్రధానంగా మూడు రకాలు. మన షెడ్డు లెక్కలోనే చెబుతాం.

మొదటిది షేర్డ్ హోస్టింగ్. ఒకే షెడ్డులో వంద మగ్గాలు, అందరికీ కలిపి ఒకటే మీటరు. అద్దె తక్కువ, నూనె పెట్టే పని కూడా షెడ్డు యజమానిదే. కానీ పక్కవాడు లోడు పెంచితే మన మగ్గం కూడా నెమ్మదిస్తుంది. లోపల మనకు కావలసిన మార్పులు చేసుకోనివ్వరు. రెండోది వీపీఎస్, అంటే వర్చువల్ ప్రైవేట్ సర్వర్. ఒక పెద్ద కంప్యూటరును సాఫ్ట్‌వేరుతో భాగాలు చేసి, ఒక్కొక్కరికి ఇంత మెమరీ, ఇంత డిస్కు అని విడదీసి ఇస్తారు. అదే భవనంలో గోడ కట్టి, వేరే మీటరు పెట్టి, వేరే తాళం ఇచ్చిన పోర్షను అన్నమాట. లోపల మన ఇష్టం. అయితే ఊడ్చుకోవడం, తాళం వేసుకోవడం కూడా మన పనే. మూడోది డెడికేటెడ్ సర్వరు. భవనం మొత్తం మనకే, అద్దె కూడా ఆ స్థాయిలోనే. మన సంఘాలకు సాధారణంగా ఆ అవసరం ఉండదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అందరికీ వీపీఎస్ అక్కర్లేదు. ఇంట్లో రెండు మగ్గాలున్న నేత కుటుంబం నలభై యాభై చీరలు అమ్ముకోవాలంటే వాట్సాప్ బిజినెస్‌లో ఉచితంగా ఇచ్చే కేటలాగు చాలు. అందులో 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు. ఊరి సంఘం పేరు, కార్యవర్గం, ఫోటోలు, సభల తేదీలు మాత్రం పెట్టే నాలుగు పేజీల వెబ్‌సైటుకు షేర్డ్ హోస్టింగ్ సరిపోతుంది. సభ్యులు లాగిన్ కావాలి, ఇంటిపేరుతో వెతకాలి, దరఖాస్తులు తీసుకోవాలి, ఒకే చోట పదిపదిహేను సంఘాల సైట్లు నడపాలి అన్నప్పుడు వీపీఎస్ పనికొస్తుంది. నాలుగైదు సొసైటీలు కలిసి చీరల దుకాణం నడిపేటప్పుడూ అంతే.

ఇంకో షరతు కూడా ఉంది. నెలకు రెండు మూడు గంటలు దాని మీద కూర్చునే మనిషి ఉండాలి. మగ్గం కొనే ముందు దాన్ని చూసుకునేవాడు కావాలి కదా. అలాంటి మనిషి లేకపోతే మేనేజ్డ్ అనే పేరుతో కంపెనీయే చూసుకునే ప్లాను తీసుకోండి. అద్దె ఎక్కువే, అయినా చూసేవాడు లేని సర్వరు కంటే అదే చవక.

ఎంత సైజు కావాలి? చాలామంది ఇక్కడే బెదిరిపోయి అవసరానికి మించి కొంటారు. లెక్క వేసి చూద్దాం. 5,000 కుటుంబాల వివరాలున్నాయనుకుందాం. ఒక్కో కుటుంబానికి రాత వరకు 2 కేబీ అనుకుంటే మొత్తం 10 ఎంబీ. రెండు మూడు పాటలంతే! కుటుంబానికి 200 కేబీ ఫోటో ఒకటి పెడితే 1 జీబీ. చీరలు 1,000, ఒక్కోదానికి కొంగు, అంచు, బాడీ ఇలా 5 ఫోటోలు, ఒక్కోటి 300 కేబీ. అది 1.5 జీబీ. చిన్న వీపీఎస్‌లోనే 25 జీబీ డిస్కు ఇస్తారు. సిస్టమ్ సాఫ్ట్‌వేరు పోను కూడా బోలెడంత మిగులుతుంది.

అదే ఫోన్లో తీసిన ఫోటోలను తీసినట్టే ఎక్కిస్తే? ఒక్కోటి 5 ఎంబీ వేసుకున్నా ఆ 5,000 చీర ఫోటోలకే 25 జీబీ. డిస్కు నిండిపోయింది. అప్పుడు "సర్వరు చాలదు, పెద్దది కొనండి" అంటారు. సర్వరు చాలకపోవడం కాదది, ఫోటో తగ్గించకపోవడం. జరీ మెరుపు, అంచు పని దగ్గరగా చూపించే ఫోటో ఒకటి కొంచెం పెద్దది ఉంచి, మిగతావి తగ్గించండి. పల్లెలో తక్కువ నెట్ ఉన్నవాళ్లకు కూడా పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

రాకపోకల లెక్క కూడా అంతే. ఒక పేజీ బరువు 2 ఎంబీ, రోజుకు వెయ్యిసార్లు చూశారనుకుంటే రోజుకు 2 జీబీ, నెలకు 60 జీబీ. ప్రసిద్ధ కంపెనీల చిన్న ప్లాన్లలోనే నెలకు 1,000 జీబీ దాకా ఇస్తున్నారు. మెమరీ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. వర్డ్‌ప్రెస్ లాంటి సాఫ్ట్‌వేరు, దాని డేటాబేసు కలిసి నడవాలంటే 1 జీబీ ర్యామ్ కనీసం, 2 జీబీ ఉంటే సుఖం. అరజీబీ ప్లాను చవకని తీసుకుంటే వార్షికోత్సవం రోజున అందరూ ఒకేసారి తెరిచినప్పుడు డేటాబేసు కూలబడుతుంది. చిన్నదానితో మొదలుపెట్టి తర్వాత పెంచుకోవచ్చు. పెంచడం తేలిక. ఒకసారి పెంచిన డిస్కును తగ్గించడం మాత్రం చాలాచోట్ల కుదరదు.

ఇక ఖర్చు. 1 జీబీ ర్యామ్ ప్లాను నెలకు 5, 6 డాలర్ల దగ్గర దొరుకుతుంది. 6 డాలర్లనుకుందాం. డాలరు 90 రూపాయల లెక్కన 540 రూపాయలు. బ్యాకప్ సౌకర్యానికి అద్దె మీద 20 శాతం అనుకుంటే ఇంకో 108. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం నెలకు 765 దగ్గర, ఏడాదికి 9,200 దగ్గర. డొమైను పేరుకు ఏడాదికి ఓ వెయ్యి వేసుకోండి. అటూ ఇటూగా 10,000 రూపాయలు. వెయ్యి కుటుంబాలున్న సంఘమైతే కుటుంబానికి ఏడాదికి 10 రూపాయలు. ధరలు మారుతుంటాయి, కొనే రోజు మళ్లీ చూసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

చవక ప్రకటనల దగ్గర మూడు చూడాలి. ఒకటి, మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర చూడండి. మొదటిసారి నెలకు 150 అని రాసి, మూడేళ్ల డబ్బు ఒకేసారి తీసుకుని, తర్వాత రెండింతలు మూడింతలు అడిగేవాళ్లున్నారు. మా సలహా ఏమంటే మొదటి మూడు నెలలు నెలవారీగానే కట్టండి. గంటల లెక్కన అద్దె తీసుకునే కంపెనీలు కూడా ఉన్నాయి, నచ్చకపోతే ఆ రోజే వదిలేయొచ్చు. రెండు, "అన్‌లిమిటెడ్" అన్న మాటను నమ్మవద్దు. డిస్కుకు హద్దు లేకుండా ఉండదు. ఆ హద్దును షరతుల కాగితంలో చిన్న అక్షరాల్లో పెడతారు. మూడు, సాయం అడిగితే ఎంతసేపట్లో జవాబిస్తారో కొనకముందే ఒక ప్రశ్న పంపి చూడండి. డబ్బు కట్టకముందే జవాబివ్వనివాడు కట్టాక ఇస్తాడా?

సర్వరు ఏ ఊళ్లో ఉండాలి? మనకు దగ్గరగా ఉంటే పేజీ త్వరగా వస్తుంది. డిజిటల్ ఓషన్‌కు బెంగళూరులో, అకమాయ్ వారి లినోడ్‌కు ముంబై, చెన్నైలలో, అమెజాన్‌కు ముంబైలోనూ 2022 నుంచి హైదరాబాదులోనూ డేటా సెంటర్లున్నాయి. మన దేశపు కంపెనీలు కూడా ఉన్నాయి. ఫలానాది కొనండని మేం చెప్పడం లేదు. కంపెనీ పేరు పెద్దదైనా కొనేటప్పుడు ఊరు ఎంచుకోవాలి, ఎంచుకోకపోతే అమెరికాలోనో యూరపులోనో వచ్చి కూర్చుంటుంది. సోలాపూర్‌లో ఉన్నవాడు ప్రతి నొక్కుకూ సముద్రం దాటి వెళ్లి రావాలి. గుర్తింపు పత్రాలు అడిగితే కంగారు పడొద్దు. 2022 ఏప్రిల్ 28న మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎస్ అమ్మేవాళ్లు కొన్నవారి సరైన వివరాలను 5 ఏళ్లు దాచాలి. అందుకే అడుగుతారు. ఆ వివరాల్లో సంఘం రిజిస్టర్డ్ పేరు ఇవ్వండి.

డబ్బు కట్టే దగ్గర ఇంకో చిక్కుంది. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, కార్డు నుంచి నెలనెలా దానంతటదే డబ్బు పోయే ఏర్పాటుకు కార్డుదారు అనుమతి, అదనపు ధ్రువీకరణ ఉండాలి. విదేశీ కంపెనీల దగ్గర ఈ ఆటోమేటిక్ చెల్లింపు ఒక్కోసారి తప్పిపోతుంది. అందుకని ఆటోమేటిక్ అయిపోతుందిలే అని కూర్చోకుండా, ముందుగా డబ్బు జమ వేసే సదుపాయం ఉన్నచోట ఆరు నెలల అద్దె వేసి ఉంచండి. గడువు తేదీ కోశాధికారి డైరీలో రాయించండి.

సర్వరు కొన్నారు. మొదటి రోజు చేయాల్సిన పనులు చెబుతాం. ఈ భాగం మీ ఊరి కుర్రవాళ్ల కోసం.

ఆపరేటింగ్ సిస్టమ్‌గా ఉబుంటు ఎల్‌టీఎస్ గానీ డెబియన్ గానీ తీసుకోండి, రెండూ ఉచితమే. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04కు 5 ఏళ్లు భద్రతా సవరణలు ఇస్తామన్నారు. లోపలికి వెళ్లడానికి పాస్‌వర్డ్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టండి. కీ అంటే మీ కంప్యూటరులో ఉండే ఒక రహస్య ఫైలు, అది లేనివాళ్లకు తలుపు తెరుచుకోదు. కీ పనిచేస్తోందని చూసుకున్నాకే పాస్‌వర్డ్ లాగిన్‌ను మూసేయండి, లేకపోతే మీరే బయట ఉండిపోతారు. రూట్ అనే పెత్తనం ఖాతాతో నేరుగా వెళ్లకుండా, ఒక్కొక్కరికి వేరే ఖాతా పెట్టండి. ఎవరు ఎప్పుడు వచ్చారో తెలుస్తుంది. ఫైర్‌వాల్ పెట్టి వెబ్ తలుపులు రెండు, ఎస్‌ఎస్‌హెచ్ తలుపు ఒకటి తప్ప అన్నీ మూసేయండి. డేటాబేసు తలుపు బయటికి ఎప్పుడూ తెరవకూడదు. భద్రతా సవరణలు వాటంతటవే ఎక్కే ఏర్పాటు ఆన్ చేయండి. తాళం బొమ్మ కనపడే సర్టిఫికెట్టుకు డబ్బు కట్టనక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది. మామూలుగా దాని గడువు 90 రోజులే కాబట్టి దానంతటదే కొత్తదయ్యేలా అమర్చాలి.

చేయకూడని పని కూడా ఒకటి చెబుతాం. ఆ సర్వరు నుంచే ఈమెయిళ్లు పంపే ప్రయత్నం చేయొద్దు. దుర్వినియోగం జరగకుండా చాలా కంపెనీలు ఆ దారి మూసే ఉంచుతాయి. తెరిపించుకున్నా మన ఉత్తరాలు స్పామ్‌లో పడతాయి. ఈమెయిలుకు వేరే సేవ వాడుకోండి.

అక్షరాల సంగతి కూడా మన వాళ్లకు ముఖ్యం. మన పిల్లలు సోలాపూర్‌లో మరాఠీ, సేలంలో తమిళం, ఇల్కల్‌లో కన్నడం, బరంపురంలో ఒడియా చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతారు గానీ చాలామందికి తెలుగు లిపి రాదు. అందుకని పేరు తెలుగులోనూ ఉండాలి, స్థానిక లిపిలోనూ ఉండాలి. డేటాబేసు మొదలుపెట్టే రోజే యూటీఎఫ్8-ఎంబీ4 అనే అమరిక ఎంచుకుంటే అన్ని లిపులూ నిలుస్తాయి. తర్వాత మార్చాలంటే పేర్లు ప్రశ్నార్థకాలుగా మారే ప్రమాదముంది. మన పాత సంచికలు చాలావరకు అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి. పాత అను అక్షరాలు యూనికోడ్ కావు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి పెడితేనే తాతగారి పేరు కొట్టగానే ఆ పేజీ దొరుకుతుంది.

ఇక నకలు సంగతి. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద కంపెనీ డేటా సెంటరులో మంటలు లేచి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. లక్షల సైట్లు ఒక్కసారిగా ఆగాయి. వేరే చోట నకలు ఉన్నవాళ్లు మళ్లీ లేచారు. లేనివాళ్లలో చాలామంది డేటా తిరిగి రాలేదు. "పెద్ద కంపెనీ కదా, వాళ్లే చూసుకుంటారు" అనే మాటకు ఆ మంటే జవాబు. కంపెనీ అద్దె మీద ఇచ్చే బ్యాకప్ మంచిదే, తీసుకోండి. కానీ అది వాళ్ల ఇంట్లోనే ఉంటుంది. ఖాతా మూతపడితే అదీ పోతుంది.

దీనికి పనివాళ్లు చెప్పే సూత్రం 3-2-1. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల చోట్లలో, అందులో ఒకటి వేరే ఊళ్లో. మనకు ఇది కష్టం కాదు. ఒకటి నడుస్తున్న సర్వరు. రెండోది రోజూ రాత్రి దానంతటదే వేరే కంపెనీ నిల్వలోకి పోయే నకలు. మూడోది నెలకొకసారి హార్డ్ డిస్కులోకి దింపి, పాస్‌వర్డ్ పెట్టి, సంఘం బీరువాలో పెట్టేది. ఇన్ని రాష్ట్రాల్లో ఉన్న మనకు వేరే ఊరు దొరకదా? సోలాపూర్ నకలు కాంచీపురంలో, కాంచీపురం నకలు బరంపురంలో పెట్టుకోవచ్చు.

నకలు తీయడంతో పని అయిపోదు. ఆరు నెలలకొకసారి కొత్త చిన్న సర్వరు ఒకటి గంటల లెక్కన తీసుకుని, నకలు నుంచి సైటు లేపి చూడాలి. అచ్చు అతికినవాళ్లకు తెలుసు, పోగులన్నీ పడ్డాయో లేదో రెండు జానలు నేస్తే గానీ తెలియదు. నకలు కూడా అంతే. లేపి చూసిన తర్వాతే దాన్ని నకలు అనాలి. ఆ పరీక్షకు కొద్ది రూపాయలు ఖర్చవుతాయి, చూసుకున్నాక ఆ సర్వరు తీసేయడం మరిచిపోవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం, పేర్లు, తాళాలు. కార్యవర్గం రెండేళ్లకో మూడేళ్లకో మారుతుంది, మారాలి కూడా. ఎన్నికల్లో మాటలు పట్టుకోవడాలు, వర్గాలు మన సంఘాల్లో లేవని ఎవరూ అనలేరు. పాత కార్యదర్శి రసీదు పుస్తకాలు, సీలు, బ్యాంకు పాసుబుక్కు అప్పగిస్తారు, సంతకాలు తీసుకుంటారు. వెబ్‌సైటు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ పాసుబుక్కు వరసలోనే ఇంకో నాలుగు చేర్చాలి. డొమైను ఖాతా, సర్వరు ఖాతా, నకలు నిల్వ ఖాతా, ఈ మూడింటికీ ఆధారమైన ఈమెయిలు ఖాతా.

ఈ నాలుగింటిలో అన్నిటికంటే ముఖ్యం డొమైను. సర్వరు పోతే నకలుతో వేరే చోట లేపుకోవచ్చు, పేరు పోతే తిరిగి రావడం కష్టం. డొమైను ఓనరు పేరు దగ్గర సంఘం పేరు ఉందో లేదో ఈ వారమే చూడండి. తయారుచేసిన కంపెనీ పేరో, కుర్రవాడి పేరో ఉంటే మర్యాదగా అడిగి మార్పించుకోండి. డొమైను, సర్వరు ఒకే కంపెనీ దగ్గర పెట్టొద్దు, ఒకరితో పేచీ వస్తే రెండూ ఇరుక్కుంటాయి. ఈమెయిలు ఒక మనిషిది కాకుండా పదవి పేరుతో ఉండాలి. రెండో తాళంగా ఫోనుకు వచ్చే కోడు ఒక్కరి ఫోనుకే కాకుండా ఇద్దరి దగ్గర ఉండేలా పెట్టండి. ఫోను పోయినప్పుడు వాడే రికవరీ కోడులను కాగితం మీద అచ్చు తీసి, కవరులో పెట్టి, సీలు వేసి, బీరువాలో పెట్టండి. పాస్‌వర్డులు వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం ఈ రోజుతో మానేద్దాం.

పని చేసే కుర్రవాళ్ల గురించి కూడా న్యాయంగా ఒక మాట చెప్పాలి. మన సైట్లు చాలావరకు వాళ్లు ఊరికే చేసి పెట్టినవి, సొంత కార్డు మీద అద్దె కట్టినవి. అది సేవే. కానీ ఏళ్ల తరబడి ఒకే కుర్రవాడి జేబు మీద, ఒకే కుర్రవాడి తీరిక మీద సంఘం నడవకూడదు. అతనికి ఖర్చు నెలనెలా ఇవ్వండి, ఇంకో ఇద్దరికి నేర్పించమనండి. అందులో ఆడపిల్లలు కూడా ఉండాలి. వధూవరుల వివరాలు చూసే చోట ఆడపిల్ల ఉంటే ఆడపిల్లల తల్లిదండ్రులకు ధైర్యంగా ఉంటుంది.

ఆ వివరాల విషయంలో చట్టం కూడా వచ్చింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. దాని సారం మన ఇళ్లలో మర్యాదకు దగ్గరే. ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి, అనుమతి తీసుకుని, ఆ పనికే వాడాలి. వద్దంటే తీసేయాలి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పెళ్లి కుదిరిన అమ్మాయి ఫోటో ఇంకా సైటులో ఉండటం ఆ కుటుంబానికి ఎంత ఇబ్బందో మీకు మేం చెప్పనక్కర్లేదు. ఆధార్ నకళ్లు సైటులో అసలు దాచొద్దు. మన దగ్గర లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు.

చివరగా ఈ సభ ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒకటి, ప్రతి అనుబంధ సంఘం తన డొమైను ఎవరి పేరున ఉందో మూడు నెలల్లో చూసి, సంఘం పేరుకు మార్పించుకోవాలి. రెండు, కార్యవర్గం మారేటప్పుడు అప్పగింత కాగితంలో ఆ నాలుగు ఖాతాలు తప్పనిసరిగా రాయాలి. మూడు, చిన్న సంఘాలు వేర్వేరుగా సర్వర్లు తీసుకోకుండా సమాఖ్య ఒక వీపీఎస్ తీసుకుని చోటు ఇవ్వాలి, ఖర్చు కుటుంబాల లెక్కన పంచుకోవాలి. ఏ సంఘం డేటా ఆ సంఘానిదే, అడిగిన రోజు నకలు ఇచ్చి పంపాలి. నాలుగు, ఏడాదికొకసారి వార్షికోత్సవానికి నెల ముందు నకలు నుంచి సైటు లేపి చూసి, లేచిందో లేదో లెక్కల నివేదికతో పాటు సభకు చెప్పాలి.

ఈ నాలుగింటికీ కలిపి అయ్యే ఖర్చు ఈ పందిరి ఖర్చులో పదో వంతు కూడా కాదు. పని ఎక్కువ, డబ్బు తక్కువ. పని మన చేతుల్లోదే. భోజనాల తర్వాత ఆఫీసు గదిలో మా ఉపసంఘం పిల్లలు కూర్చుని ఉంటారు. మీ సంఘం డొమైను పేరు చెబితే అది ఎప్పటిదాకా ఉందో, ఎక్కడ రిజిస్టరు అయ్యిందో అక్కడికక్కడే చూపిస్తారు. ఓనరు పేరు దాచి ఉంటే ఏ ఖాతాలో వెతకాలో చెబుతారు. ఇళ్లకు వెళ్లే ముందు ఒకసారి చూసుకుని వెళ్లండి.